నల్లజెండా పాటకు జవాబు

లాగ్ 118. ఓడ: కొంగ. తూర్పుగాలి, ఎండ.

పొద్దున్నే తాళ్ళకు స్నానం చేయించాను. ఉప్పు పేరుకుంటే వాటికి చెవుడొస్తుంది. మంచినీళ్ళతో కడిగి, నువ్వులనూనె పట్టించి, పాటపీట ఎక్కి సన్నగా రాగం తీశాను. పెద్ద తెరచాప బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంది. పీట మీద నిలబడి పాడితేనే తాళ్ళు వింటాయి. పీట దిగి ఎంత గొంతు చించుకున్నా పట్టించుకోవు. అదీ మంచిదే, లేకపోతే నేను వంటగదిలో కూనిరాగం తీసినప్పుడల్లా ఓడ గింగిరాలు తిరిగేది.

ఈ ఓడకు పాట సరంగుని నేను. పేరు నూకరత్నం. తెరచాపలు ఎత్తినా, తిప్పినా, దించినా నా గొంతుకే. రికార్డు చేసిన గొంతుకు తాళ్ళు కదలవు, ఇంకొకరి గొంతుకూ కదలవు. అందుకే సరంగుల మెడలో గొంతుపూస ఉంటుంది. మా ఊపిరి ఆడుతున్నంత కాలం అది వెచ్చగా ఉంటుంది. శవం మీద నుంచి తప్ప ఎవరూ దాన్ని తీయరు. తీసిన క్షణం లోకంలో ఏ తాడూ ఇక ఆ గొంతు వినదు. మళ్ళీ నేర్పడం కుదరదు.

నా పీట పక్కన స్తంభానికి చిన్న దీపం ఉంది. అది మా చెల్లెలు పోలి పూసకు ముడిపడిన దీపం, ఆ పూస వెచ్చగా ఉన్నంతసేపే వెలుగుతుంది. పోలి ఓడ పేరు పావురాయి, మాకంటే ముందు పోతోంది. సరంగుగా దానికిదే మొదటి ప్రయాణం. దాని ఓడలో నా దీపం వెలుగుతుంటుంది. మా అమ్మ పోయినప్పుడు దీపాలు ఆరడం చూసి, ఆచారం ప్రకారం ఇద్దరం అమావాస్య దాకా నోటికి తెల్లగుడ్డ కట్టుకుని తిరిగాం. అన్నం తినేటప్పుడు తప్ప విప్పలేదు, ఒక్క పాటా పాడలేదు.

ఈరోజు శనివారం కాబట్టి ఆకాశపు డబ్బాలో 'నల్లజెండా' వస్తుంది. ఆ డబ్బాతో వినొచ్చు, చూడొచ్చు, మనం తిరిగి మాట్లాడలేం. సముద్రపు దొంగల కథ అది, దాని పాట అందరికీ నోటికొచ్చు. ఒక కన్నుకు నల్లగుడ్డ, భుజం మీద రేకు చిలక, కాళ్ళకు ఇత్తడి గొలుసులు. నలభయ్యేళ్ళుగా ఈ నీళ్ళలో దొంగ అన్నవాడిని ఎవరూ చూడలేదు, కానీ నీళ్ళ మీద తేలే మా తేలుడూళ్ళలో ఏ పిల్లాడిని అడిగినా పెద్దయ్యాక దొంగనవుతానంటాడు. మా కళాసీ జగ్గులుకి నలభై దాటాయి. వాడూ కంటికి గుడ్డ కట్టుకుని స్తంభానికి గుద్దుకున్నాడు.

"ఆ గుడ్డ తీసి రెండు కళ్ళతో సూడరా" అన్నాను.

"దొంగోడికి ఒక్క కన్ను సాలప్పా" అన్నాడు, నుదురు తడుముకుంటూ.

వెధవ.

లాగ్ 119. గాలి అలాగే ఉంది.

మధ్యాహ్నం ఎదురుగా ఒక ఓడ కనిపించింది. తెరచాపలన్నీ కిందికి దిగి ఉన్నాయి. ఇంత మంచి గాలిలో తెరచాపలు దించుకుని కూర్చునే పిచ్చివాళ్ళెవరా అనుకున్నాను. దగ్గరికొచ్చాక పేరు కనిపించింది, గోరింక. మంచినీళ్ళు మోసే ఓడే, మాలాగే.

పీటెక్కి పలకరింపు పాట ఎత్తాను. సముద్రం మీద ఒక ఓడ పాట ఎత్తుకుంటే రెండో ఓడ జవాబు పాడి తీరాలి. మధ్యలో వదిలేయడం అంటే గుమ్మంలోకి దాహమని వచ్చినవాళ్ళ ముఖాన తలుపు వేయడమే. పగవాళ్ళ పాటకైనా జవాబిస్తాం. నేను పాడి ఆగాను. గోరింక నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పాడాను. లేదు.

నిజం చెప్తున్నాను, పుట్టి బుద్ధెరిగాక పాటకు జవాబు రాని ఓడను నేను చూడలేదు.

మా ఓడ పెద్ద ఎర్రయ్య మావ, జగ్గులు, నేను పడవ వేసుకుని వెళ్ళాం. ఎక్కడా నెత్తురు లేదు. గొడ్డలి దెబ్బ లేదు. తాళ్ళు చెక్కుచెదరలేదు. వంటగదిలో అన్నం గిన్నె పొయ్యి మీదే ఉంది, అడుగంటి. నీళ్ళ తొట్లు మాత్రం ఖాళీ. మనిషన్నవాడు లేడు.

"ఓలమ్మో" అన్నాడు జగ్గులు.

ఖాళీ తొట్టి వెనక నుంచి మూలుగు వినిపించింది. ముసలమ్మ. మెడలో పూస ఉంది. కాసులమ్మ, గోరింక పాట సరంగు. భీమిలి పాటబడిలో నాకు చిన్నప్పుడు పాఠం చెప్పిన మనిషి. గుర్తుపట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె గొంతు గొంతులా లేదు. అరిచి అరిచి చీరుకుపోయింది.

లాగ్ 120.

కాసులమ్మను మా ఓడకు తెచ్చి, గంజి పట్టి, పడుకోబెట్టి, కూర్చుని విన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఎందుకంటే రాస్తే తప్ప నాకే నమ్మకం కుదరడం లేదు.

"తెడ్ల పడవేసుకుని వొచ్చినారమ్మా. నల్లజెండా కట్టినారు. కంటికి గుడ్డలు, బుజం మీద రేకు సిలకలు. మనోళ్ళే, ఏదో పండగని ఏసాలు కట్టినారనుకున్నాం. మా పిల్లలు సప్పట్లు కొట్టినారు. ఆళ్ళు నల్లజెండా పాటెత్తుకున్నారు, డప్పులెట్టి. నాను నవ్వుకుంట పీటెక్కి జవాబు పాడినాను."

"తరవాత?"

"తరవాతేటి? ఆకరి సరణం పాడినాను. నా తెరసాపలన్నీ దబ్బున దిగిపోనాయి. నానేటి సేసినానో నాకే తెలీలేదు. ఓడ ఆగిపోనాది. ఆళ్ళు ఎక్కీసినారు."

"మీ వాళ్ళేరి?"

"తీసుకుపోనారు. ఆళ్ళకి ఓడలున్నాయట గానీ గొంతులు నేవట. నా మనవరాలిని తీసుకుపోనారు, మొన్ననే పూస కట్టినాను దానికి. నన్ను సూసి ఒకడన్నాడు, ముసిల్దాని గొంతు మనకెందుకు అని. దాని పేరెట్టి అరిసినాను, ఆళ్ళు కనబడినంతసేపూ అరిసినాను."

నాకు మొదట కోపం వచ్చింది. పాటబడిలో మమ్మల్ని బెత్తంతో కొట్టి నేర్పిన మనిషి, తెరచాప దించే రాగం ఏదో తెలియకుండా పాడేస్తుందా? తరువాత భయం వేసింది. ఆ పాట నేనెన్నిసార్లు పాడానో లెక్కలేదు. చేపలు తోముతూ పాడాను. నాకెప్పుడూ అనుమానం రాలేదు.

లాగ్ 121. గాలి నెమ్మది.

ఎర్రయ్య మావను అడిగి పీటెక్కాను. అందరినీ స్తంభాల దగ్గర నుంచి దూరంగా జరగమన్నాను. నల్లజెండా పాట నేనే ఎత్తుకుని నేనే జవాబు పాడాను.

నల్లజెండా ఎగిరినాదోయ్, ఎవడు మా దొర?
ఉప్పునీళ్ళు తాగినోడే, వాడే మా దొర!

ఏమీ కాలేదు. జగ్గులు పళ్ళికిలించాడు. రెండో చరణం పాడాను. ఏమీ కాలేదు. ఆఖరి చరణంలో డప్పులు ఆగుతాయి, దొర అలసిపోయి పడుకుంటాడు.

అలల మీద నిద్దరోయె... అలల మీద నిద్దరోయె...

రెండో 'నిద్దరోయె' పూర్తి కాలేదు. పెద్ద తెరచాప నా నెత్తి మీదకే వచ్చిపడింది. గుడ్డ కింద చీకట్లో కూర్చుని ఆ ముక్కను మళ్ళీ లోపల్లోపల అనుకున్నాను, తెరచాప దించే మా రాగమే. ఆ పాట రాసిన నేల మీది మెట్టవాళ్ళు ఎక్కడో రేవులో మా దించే రాగం విని ఉంటారు. తియ్యగా ఉందని లాలిపాటలా సాగదీసి చివర అతికించారు. వాళ్ళకేం తెలుసు? తెలియాల్సింది మాకు. డప్పుల హోరులో, రేకు చిలకల సరదాలో, మా సొంత రాగం మా చెవికి తట్టలేదు. తాళ్ళకు మాత్రం తట్టింది. వాటికి సరదాలుండవు.

కాసులమ్మ నన్ను గుడ్డ కింద నుంచి లాగుతూ అంది: "నీ సెల్లి ముందు పోతంది గదా?"

అప్పుడు లేచాను.

పోలి ఆ పాటంటే చెవి కోసుకుంటుంది. ఎవరు ఎత్తుకున్నా జవాబు పాడుతుంది, అందరికంటే ముందు పాడుతుంది, ఆఖరి చరణం ఇంకాస్త సాగదీసి మరీ పాడుతుంది. దాని గొంతు మా అందరి గొంతుల్లో మేలైనది. గొంతుల కోసం తిరిగేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

లాగ్ 122.

తెరచాపలన్నీ ఎత్తాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. అయినా కొంగ నత్తలా నడుస్తోంది, కడుపు నిండా నీళ్ళు. పోలికి కబురు పంపే దారి లేదు. జెండాలు చూపించాలంటే దగ్గరకు వెళ్ళాలి. పాట వినిపించాలంటే ఇంకా దగ్గరకు వెళ్ళాలి.

"మావా, నీళ్ళు పారబొయ్యాల" అన్నాను.

ఎర్రయ్య మావ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మంచినీళ్ళు సముద్రంలో పోయడం అంటే మాలో ఎవరికీ నోట కూడా రాని మాట. నాకూ అంతకుముందు రాలేదు.

"ఆ నీళ్ళ కోసం అక్కడ రెండూళ్ళు ఎదురుసూత్తన్నాయే, నూకా."

"నా సెల్లిని ఎత్తుకుపోతారు మావా."

అందరం తాగడానికి ఒక తొట్టి వదిలి, మిగతావాటి బిరడాలు తనే విప్పాడు. జగ్గులు అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. కంటి గుడ్డ ఎప్పుడు తీసి పారేశాడో గమనించలేదు. నీళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి, చప్పుడు కూడా పెద్దగా కాలేదు. ఓడ తేలికై పైకి లేచింది. నాకు ఏడుపొచ్చింది.

లాగ్ 123. పక్కగాలి, బలంగా.

ఓడ ఊగుతోంది, అక్షరాలు వంకరగా వస్తే నా తప్పు కాదు.

పొద్దెక్కాక పావురాయి కనబడింది. తెల్లటి తెరచాపలన్నీ విప్పుకుని చక్కగా పోతోంది. దానికి కాస్త ముందు, దారిలో కాపు కాసి, నల్లజెండా. చిన్న పడవే. మూరెడు తెరచాప కూడా లేదు, తెడ్లతో లాగుతున్నారు. నిండు గాలి మీద పోయే ఓడను అది జన్మలో అందుకోలేదు. ఓడే ఆగాలి. అందుకే పాట.

డప్పులు మొదలయ్యాయి. పెద్ద గొట్టాల్లోంచి వచ్చే డప్పులు. నల్లజెండా ఎగిరినాదోయ్, ఎవడు మా దొర?

నేను పీట మీద నుంచి అరిచాను. పాడొద్దని అరిచాను, పేరు పెట్టి అరిచాను, దించొద్దు దించొద్దని పాడాను. నా గొంతు ఆ డప్పుల కింద నలిగిపోయింది, నాకే వినబడలేదు. ఎర్రయ్య మావ ప్రమాదం జెండా ఎత్తాడు. పావురాయి మీద అందరూ నవ్వుతూ దొంగల వైపు చేతులు ఊపుతున్నారు. మా వైపు ఒక్కడూ చూడలేదు.

అప్పుడు పోలి గొంతు వచ్చింది. ఉప్పునీళ్ళు తాగినోడే, వాడే మా దొర! ఎంత బాగా పాడింది. ఆ మాట ఇక్కడ రాయకూడదేమో. కానీ చాలా బాగా పాడింది.

డప్పులు రెండో చరణం ఎత్తుకున్నాయి.

సరంగు పీట మీద పాట మధ్యలో ఆపడానికి ఒకే ఒక్క కారణం ఉంది, అయినవాళ్ళ దీపం ఆరడం. నా చేయి మెడ మీదకు వెళ్ళింది. కాసులమ్మ చూసింది.

"వొద్దే" అంది. "నువ్వు మళ్ళీ పాడనేవు. ఏ ఓడ మీదా పాడనేవు."

"తెలుసు పెద్దమ్మా."

"ఈ ఓడ ఏటైపోద్ది?"

ఎర్రయ్య మావ వైపు చూశాను. ఆయన ముఖం తెల్లబోయింది. కానీ చుక్కాని మీద నుంచి చేయి తీయలేదు, తల ఊపాడు. పోలి రెండో చరణానికి జవాబు పూర్తి చేసింది. డప్పులు ఆగాయి. ఇక నిద్దరోయె వస్తుంది.

పూస తెంపేశాను. చేతిలో క్షణంలో చల్లబడింది.

పావురాయి మీద 'అలల మీద' వినబడింది. అంతే. మిగతాది రాలేదు. దొంగలు మళ్ళీ అందించారు. జవాబు లేదు. మళ్ళీ అందించారు. నాకు దూరం నుంచి పీట మీద ఒక చిన్న ఆకారం కనబడింది, కూలబడిపోయి. ఎవరో తెల్లగుడ్డ తెచ్చారు. తెరచాపలు అలాగే నిండుగా ఉన్నాయి. పావురాయి నల్లజెండా పక్క నుంచే సాగిపోయింది. తెడ్లు గబగబా ఆడాయి, వెనకబడ్డాయి, ఆగిపోయాయి.

తరువాత వాళ్ళు మా వైపు తిరిగారు. అదే పాట. జగ్గులు పీటెక్కి, మూడు చరణాలూ గాడిదలా పాడి వినిపించాడు. మా తెరచాప అంగుళం కదలలేదు. అంతటితో ఆగక వాళ్ళ అమ్మా నాన్నల గురించి కూడా కొంత పాడాడు. మేమూ దాటిపోయాం.

ఎర్రయ్య మావ పావురాయి వైపు జెండాలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఎత్తిచూపాడు. మా దగ్గర నీళ్ళు అయిపోయాయని చెప్పే జెండా ఉంది, రోగముందని చెప్పే జెండా ఉంది, శవముందని చెప్పే జెండా ఉంది. చచ్చిందనుకున్న మనిషి బతికే ఉందని చెప్పే జెండా లేదు. అలాంటిది ఎవరికీ ఎప్పుడూ అవసరం రాలేదు.

లాగ్ 124. గాలి పెరిగింది.

పీటెక్కి పాడాను. తెలిసి కూడా పాడాను. తాళ్ళు విననేలేదు. నిన్నటిదాకా నూనె పట్టించి పలకరించిన తాళ్ళు నన్ను ముక్కూ ముఖం తెలియనిదాన్ని చేశాయి. దిగి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు, మంచిపని చేశారు.

అయితే గాలి ఆగదుగా. తెరచాపలు దించకపోతే ఓడ బోర్లా పడుతుంది. చేతులతో లాగాలి. మాలో చేతులతో తెరచాప దించినవాళ్ళు లేరు. తాడు చేతులకు అలవాటైన వస్తువు కాదు, పాములా జారుతుంది, చర్మం ఊడదీస్తుంది. ఎవరికి వాళ్ళు లాగారు. ఒకడు లాగితే ఇంకొకడు వదిలాడు. జగ్గులు ఎగిరి నీళ్ళ తొట్టిలో పడ్డాడు.

అప్పుడు కాసులమ్మ ఆ చీరుకుపోయిన గొంతుతో అంది: "తాళ్ళకి కాదే, మనుసులకి పాడు."

సిగ్గేసింది. మనుషులకు పాడటం నాకు ఎప్పుడూ నేర్పలేదు. అయినా 'హైలెస్సా' అన్నాను. అందరూ 'హైలెస్సా' అన్నారు. ఆ మాట మీద ఒక్కసారే అందరి నడుములూ వంగాయి. తెరచాప ఒక మూర దిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అంత బరువున్న గుడ్డను ఏడుగురు మనుషులు నా కూతకు దించారు. మళ్ళీ పాడమని ఎర్రయ్య మావ కసిరేదాకా నాకు తెలివి రాలేదు.

అరచేతులు పచ్చిపుండ్లయ్యాయి. ఈ లాగ్ జగ్గులు రాస్తున్నాడు, నేను చెప్తున్నాను. గాడిద అన్న మాట కొట్టేయనా అని అడిగాడు. వద్దన్నాను.

లాగ్ 125. గట్టూరు రేవు.

మేం చేరేసరికి పావురాయి రేవులో ఉంది, తెరచాపలు కత్తులతో కోసి ఆపుకున్నారట. పావురాయి వాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, తరువాత నన్ను చూసి సగం మంది వెనక్కి పరుగెత్తారు. ఒకాయన చేతిలో పళ్ళెం వదిలేశాడు. దెయ్యాన్ని కాదని చెప్పడానికి నాకు ఓపిక లేదు. కాసులమ్మ మాత్రం నేరుగా రేవు పెద్దల దగ్గరకు వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా ఆమె మనవరాలి కోసం, గోరింక వాళ్ళ కోసం ఓడలు బయల్దేరాయి. వాటిలో ఏ సరంగూ పీట మీద జవాబు పాడొద్దని ముందే చెప్పింది. ఆ మాటకు పెద్దలు హడలిపోయారు. జవాబివ్వకపోవడం ఏమిటి, మనం మనుషులం కాదా అని ఒకాయన గొడవకు దిగాడు. దొంగలు వేషాలేసుకుని వచ్చారన్నా నమ్మడట. ఆకాశపు డబ్బాలో దొంగలు మంచివాళ్ళట. కాసులమ్మ చూసిన చూపుకు ఆయన కూర్చున్నాడు.

పోలి ఓడ చివర, ఎవరికీ కనబడకుండా, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. నోటికి తెల్లగుడ్డ. నేను పిలవలేదు. పిలవడానికి ధైర్యం చాలలేదు. దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

నా కాళ్ళు చూసింది ముందు. తరువాత తల ఎత్తింది.

మా అమ్మ పోయినప్పుడు కూడా దాని ముఖం అలా లేదు. అరుస్తుందనుకున్నాను, కావలించుకుంటుందనుకున్నాను. లేచి, లాగి చెంప మీద కొట్టింది. నా కళ్ళ ముందు చుక్కలు కనబడ్డాయి. ఇంకోటి కొట్టబోయి ఆగి, ఆ చేతినే నా మెడ మీద పెట్టింది. వేళ్ళతో వెతికింది. ముందు వెతికింది, వెనక వెతికింది, రవిక అంచు కింద వెతికింది. పూస ఉండే చోట ఒట్టి చర్మం తగిలింది. అప్పటికి దానికి అర్థమైంది, నేనేం చేశానో, ఎప్పుడు చేశానో, ఇక నేనేం కానో. నా మీదకు ఒరిగింది. నేను పట్టుకున్నాను, పచ్చిపుండ్ల చేతులతోనే.

గుడ్డ కింద నుంచి పెద్దగా ఏడుపు మొదలుపెట్టింది. ఒళ్ళంతా అదిరిపోయే ఏడుపు. కాసులమ్మ గొంతు ఎలా చీరుకుపోయిందో నాకు గుర్తొచ్చింది.

"ఏడవకే" అన్నాను. "గొంతు పాడైపోద్ది."

అది రెండో చెంప కూడా వాయించింది.